మీకు తెలుసా? బలానికి వేసుకునే బిళ్లల సంగతులు

పచ్చగా వస్తే వేడి చేసినట్టేనా?

బీకాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తుంది. ‘వేడి చేసింది’ అంటూ ఇంట్లోవాళ్లు మజ్జిగ మీద మజ్జిగ తాగిస్తారు. అది వేడి కాదు, మాత్రలో ఉన్న బి2 రంగు. దాని అసలు పేరు రైబోఫ్లేవిన్. అందులోని ‘ఫ్లేవిన్’ పసుపు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ఒంటికి కావలసినంత ఉంచుకుని, మిగిలింది మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. నీళ్లలో కరిగే విటమిన్లు చాలావరకు ఈ దారినే పోతాయి. కొవ్వులో కరిగే ఎ, డి అలా తేలిగ్గా పోవు, ఒంట్లో పేరుకుంటాయి.

ఒక్క పొట్లంలో వంద రోజుల డి

డి విటమిన్ తక్కువైందంటే డాక్టర్లు ఎక్కువగా రాసేది 60,000 యూనిట్ల పొట్లం, లేదా అంతే మోతాదున్న క్యాప్సూల్. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు రోజుకు 600 యూనిట్లు. అంటే ఆ ఒక్క పొట్లంలో వంద రోజులకు సరిపడా ఉంటుంది. వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు వేసుకుని, ఆపైన డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి.

మా పెద్దమ్మ దాన్ని రోజూ వేసుకుంది. చీటీలో వారానికొకటి అనే ఉంది. కానీ బీపీ మాత్రలు, షుగరు మాత్రలు ఉన్న స్టీలు డబ్బాలోనే ఈ క్యాప్సూళ్లూ పడేయడంతో, పొద్దున్నే అన్నిటితో పాటు అదీ మింగేసేది. మూడు వారాలు దాటాక అన్నం సహించడం మానేసింది. ఎంత నీళ్లు తాగినా నోరు ఎండిపోయేది, రాత్రి నాలుగైదు సార్లు బాత్రూముకు లేచేది. మలబద్ధకం, మగత. అందరం షుగరే పెరిగిందనుకున్నాం. రక్తపరీక్షలో చూస్తే కాల్షియం విపరీతంగా ఉంది. నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించాక గానీ కుదుటపడలేదు. ఇంకొన్నాళ్లు అలాగే సాగితే కిడ్నీలు దెబ్బతినేవని డాక్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి మా ఇంట్లో వారపు మాత్ర ఏదొచ్చినా అట్ట మీద పెన్నుతో ‘ఆదివారం’ అని రాసి వేరే డబ్బాలో పెడుతున్నాం. దయచేసి మీరూ ఈ పని ఇవాళే చేయండి.

విటమిన్ అనే మాటకు మూలం బియ్యం

పందొమ్మిదో శతాబ్దం చివర్లో జావాలో పనిచేస్తున్న డచ్చి డాక్టరు క్రిస్టియాన్ ఐక్‌మన్ పెంచుతున్న కోళ్లకు కాళ్లు పడిపోయాయి. సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నమే వాటి మేత. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల బియ్యం కోళ్లకు పెట్టనన్నాడు. పాలిష్ పట్టని బియ్యం వేయడం మొదలెట్టాక కోళ్లు లేచి తిరిగాయి. మనుషులకు వచ్చే బెరిబెరికీ ఇదే మూలం: తవుడుతో పాటు పోతున్న బి1. తవుడులోని ఆ పదార్థం కోసం వెతుకుతూనే కాసిమిర్ ఫంక్ 1912లో ‘విటమిన్’ అనే మాట పుట్టించాడు.

ఇది మనకు దూరపు కథ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరికి పేరుమోసిన ప్రాంతం ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే నేటి కోస్తా ఆంధ్ర. పక్కనే ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఈ జబ్బు అంతగా లేదు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరల్లోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత మిల్లులో తవుడు పోయినా అది కొంత నిలుస్తుంది. మన పచ్చి బియ్యానికి ఆ రక్ష లేదు. దానికి తోడు బియ్యం నాలుగైదు సార్లు కడగడం, గంజి వార్చి పారబోయడం. 1918లో కూనూరులో ఒక గదిలో బెరిబెరి పరిశోధన కోసం రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలెట్టిన విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలి, పైన చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక మీదుగా వెళ్లినప్పుడు ఆ గేటు చూస్తే నాకు గంజి గిన్నె గుర్తొస్తుంది.

భీమవరం బిడ్డ, ఫోలిక్ ఆసిడ్

గర్భిణికి మొదట ఇచ్చే మాత్రల్లో ఫోలిక్ ఆసిడ్ ఒకటి. దాని చరిత్రలో 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరుంది. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో మనిషి చిక్కి శల్యమయ్యే స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ముల్ని పొట్టనపెట్టుకుంది, ఆయన్నీ పీడించింది. మద్రాసులో వైద్యం చదివి, 1920లలో అమెరికా చేరి, 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో అడుగుపెట్టారు. ఆయన నడిపిన పరిశోధన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూకు పనిచేసే మందుల్లో అదీ ఒకటి. తన ఇంటిని పీడించిన జబ్బుకు మందు తన బృందం చేతుల మీదుగానే రావడం ఎంతమందికి దక్కుతుంది? దానికి కొద్దిపాటి మార్పులు చేసి, క్యాన్సర్ కణాలకు ఫోలిక్ ఆసిడ్ అందకుండా అడ్డుకునే మందులూ లెడర్లీలోనే తయారయ్యాయి. వాటిలో మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో ఆయన కన్నుమూశారు.

ఫోలిక్ ఆసిడ్ మాత్ర విషయంలో మన ఇళ్లలో జరిగే ఆలస్యం ఒకటుంది. బిడ్డ వెన్నుపాముగా మారే నాళం గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది ఆడపిల్లలకు తాము తల్లి కాబోతున్నామనే తెలియదు. నెల తప్పాక, డాక్టరు దగ్గరికెళ్లాక మొదలుపెడితే ఆ గడువు దాటిపోతుంది. అంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డను కన్న తల్లులపై బ్రిటన్ ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన 1991లో వెలువడింది: ముందునుంచే ఫోలిక్ ఆసిడ్ ఇస్తే మళ్లీ ఆ లోపం వచ్చే ముప్పు 72 శాతం తగ్గింది. బిడ్డ కావాలనుకున్న నాడే రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టాలి. పాత లోపం ఉన్నవాళ్లకు మోతాదు ఎక్కువ, అది డాక్టరే చెప్పాలి. పెళ్లికూతురికి అన్నీ చెప్పి పంపే అమ్మలు ఈ మాట కూడా చెప్పి పంపితే బాగుండును.

రక్తం బాగుంది, నరాలు బాగాలేవు

అదే ఫోలిక్ ఆసిడ్ బి12 లోపాన్ని దాచిపెట్టగలదు. రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు, నడకలో తూలు, మతిమరుపు, ఏ పనిమీదా మనసు నిలవకపోవడం దీని లక్షణాలు. కూరగాయల్లో బి12 ఉండదు. దాన్ని తయారుచేసేది సూక్ష్మజీవులే. మనకు అందేది పాలు, పెరుగు, గుడ్లు, చేప, మాంసం నుంచి. కాబట్టి శాకాహారులకు, అందులోనూ షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లకు ఇది తగ్గే అవకాశం ఎక్కువ. అరికాళ్ల మంటలు షుగరు వల్లనే అని వదిలేయకుండా, ఒక్కసారి బి12 పరీక్ష రాయమని అడగండి.

జుట్టు మాత్ర, థైరాయిడ్ రిపోర్టు

బయోటిన్ రోజుకు 30, 40 మైక్రోగ్రాములు చాలు. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో 10 మిల్లీగ్రాములవీ ఉన్నాయి, అంటే కనీసం 250 రెట్లు. ఇంత బయోటిన్ రక్తంలో ఉంటే కొన్ని రకాల పరీక్షలు తప్పుదారి పడతాయి. థైరాయిడ్ మామూలుగా ఉన్నా ఎక్కువైనట్టు చూపవచ్చు. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ ఉన్నదానికంటే తక్కువ చూపవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీనిపై హెచ్చరించింది. రక్తం ఇచ్చే ముందు ల్యాబులో ‘జుట్టుకు మాత్రలు వేసుకుంటున్నాను’ అని చెప్పాలి. ఎన్ని రోజులు ఆపాలో వాళ్లే చెబుతారు.

ఫిన్లాండ్ పొగరాయుళ్లు

క్యారెట్ మంచిది కాబట్టి దాని సారాన్ని మాత్ర చేస్తే ఇంకా మంచిదనుకున్నారు. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్లపై పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది: బీటాకెరోటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. సిగరెట్, బీడీ తాగేవాళ్లు మల్టీవిటమిన్ డబ్బా మీద ఈ పేరు ఉందేమో చూసుకోవాలి.

అమెరికా నుంచి వచ్చే నిద్ర జెల్లీలు

పిల్లలు సెలవులకొస్తూ సూట్‌కేసులో తెచ్చే మెలటోనిన్ జెల్లీల డబ్బా ఇప్పుడు చాలా ఇళ్లలో ఫ్రిజ్ మీద కనిపిస్తోంది. మెలటోనిన్ మత్తుమందు కాదు. చీకటి పడిందని ఒంటికి కబురు చెప్పే హార్మోన్. 1958లో దీన్ని ఆవుల మెదళ్లలోని పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేసింది యేల్ విశ్వవిద్యాలయంలోని చర్మవైద్యుడు ఆరన్ లెర్నర్. డల్లాస్ నుంచి దిగి పగలూ రాత్రీ తారుమారైనవాళ్లకు ఇది నిజంగా అక్కరకొస్తుంది. బెంగతోనో నొప్పులతోనో నిద్రపట్టని పెద్దవాళ్లకు ఆ కారణం చూడకుండా ఇది ఇస్తే లాభం తక్కువ. అమెరికాలో ఇది ఆహార అనుబంధంగా దుకాణంలో దొరుకుతుంది, బ్రిటన్‌లో డాక్టరు చీటీ కావాలి. అమెరికాలో అమ్ముతున్న 25 రకాల జెల్లీలను పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. 22 రకాల్లో డబ్బా మీద రాసిన మోతాదుకూ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. ఒకదాంట్లో అసలు మెలటోనిన్ లేనేలేదు.

మనసు బాగాలేనప్పుడు

డి మాత్ర దిగులు రాకుండా ఆపుతుందా? అమెరికాలో 18 వేల మందికి పైగా పెద్దవాళ్లు సగటున ఐదేళ్లకు పైగా పాల్గొన్న పరిశోధన 2020లో వెలువడింది. సగంమంది రోజూ డి వేసుకున్నారు, సగంమంది ఉత్త మాత్ర. దిగులు రావడంలో ఇద్దరికీ తేడా కనబడలేదు. లోపం ఉంటే సరిచేసుకోవాల్సిందే. కానీ వారాల తరబడి ఏడుపొస్తున్నా, ఏదీ వద్దనిపిస్తున్నా బిళ్లతో సరిపెట్టుకోకండి. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. టెలిమానస్ సహాయవాణి 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేమీ లేదు.

టీ ఒక గంట ఆగాక

ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే, టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేసి ఒంటబట్టనివ్వవు. కాల్షియం మాత్ర కూడా అంతే, అందుకే ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. అదే నిమ్మరసంతో వేసుకుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. విరేచనం నల్లగా అవుతుందని భయపడి చాలామంది ఆడవాళ్లు మాత్ర మానేస్తారు. అది ఒంటబట్టని ఐరన్ రంగు, భయం లేదు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోండి. టీ గంటో రెండు గంటలో ఆగాక తాగండి.