సైనికోద్యోగి, ఆటగాడు: కర్నల్ సి. కె. నాయుడు

నెల్లూరు సీమలో మైపాడు ఇసుకతిన్నెల మీద తాటిమట్టను బ్యాటుగా చేసుకొని ఆడే బాలురను చూచినప్పుడు ఏ ఉపాధ్యాయునికైనా ఒక సందేహం కలుగక మానదు. వీరిలో నిజమైన ఆటగాడు ఒకడున్నాడనుకొందాం. పెరిగి పెద్దవాడైన తరువాత వానికి అన్నం పెట్టేదెవరు?

ఈ ప్రశ్నకు అనేక దేశాలలో సైన్యమే సమాధానం చెప్పింది. మంచు కురియడమన్నది ఎరుగని జమైకా దీవి 1988లో కెనడాలోని కాల్గరీ ఒలింపిక్సుకు బాబ్‌స్లెడ్ జట్టును పంపింది. మంచుగడ్డ కట్టిన కాలువ తలవద్ద బండిని పరుగెత్తి నెట్టి, నలుగురూ అందులోకి దూకడం ఆ ఆటలో మొదటి ఘట్టం. మన జాలరులు అలలకెదురుగా పడవను నెట్టి ఎక్కడం వంటిదే. ఆ బండిని నడిపిన డడ్లీ స్టోక్సు సైన్యంలో కాప్టెను. సహచరుడు డెవన్ హారిస్ లెఫ్టినెంటు. దారిలో బండి తలక్రిందులైంది. వారు లేచి, దానితోపాటు నడిచి గమ్యం చేరారు.

సైనికోద్యోగంతో ఆటను సాగించినవాడు మన తెలుగువారిలో అంతకు చాల ముందే ఉన్నాడు. కొట్టారి కనకయ్య నాయుడుగారి పూర్వులు మచిలీపట్నంవారు. ఆయన 1895లో నాగపూరులో జన్మించారు. 1923లో హోల్కరు మహారాజు ఆయనను ఇందోరుకు పిలిపించి తన సైన్యంలో కాప్టెనుగా నియమించారు. పిలిచినది యుద్ధానికి కాదని వేరే చెప్పనక్కరలేదు! మూడేండ్లు గడిచాయి. 1926 డిసెంబరు 1న బొంబాయిలో ఎం. సి. సి. జట్టుపై నాయుడుగారు రెండు గంటలైనా నిండకముందే 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లే 11. భారతదేశం టెస్టు ఆటకు తగినదన్న నమ్మకం ఇంగ్లీషువారికి కలగడానికి ఆ ఇన్నింగ్సు కూడ ఒక కారణం.

1932 జూన్ 25న లార్డ్సులో మన మొదటి టెస్టు ఆరంభమైంది. పర్యటనకు నాయకుడు పోరుబందరు మహారాజు. తన ఆట అంతంతమాత్రమేనని గ్రహించి ఆయన తప్పుకొన్నారు. ప్రభువులలో ఇది అరుదైన గుణం. ఉపనాయకుడూ ఆడలేదు. ఆ విధంగా నాయకత్వం నాయుడుగారికి దక్కింది. చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్సులో మనవారందరికన్న ఎక్కువగా 40 పరుగులు చేశారు.

1936లో అదే ఇంగ్లండుకు నాయకుడై వెళ్లినవారు విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతి. మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు 33. నలభయ్యేండ్ల నాయుడుగారు ఆయన క్రింద ఆడారు. ఒక సంస్థానం పోషించి నిలబెట్టిన ఆటగాణ్ణి మరొక సంస్థానపు బిరుదు వెనుకకు నెట్టింది. రాజపోషణకు ఈ రెండవ ముఖం కూడ ఉన్నది.

హోల్కరు సైన్యంలో ఆయన క్రమంగా కర్నలైనారు. హోల్కరు జట్టు నాలుగు పర్యాయాలు రంజీ ట్రోఫీ గెలుచుకొన్నది. 1951-52 ఫైనలులో ఫాడ్కరు వేసిన బంతి తగిలి ఆయన పళ్లు ఊడిపోతే, వాటిని పిచ్ మీదినుండి ప్రక్కకు నెట్టి, ఆట సాగించమన్నారని చెబుతారు. అప్పటికి ఆయనకు 56 ఏండ్లు.

హోల్కరు సంస్థానం 1948లోనే మధ్యభారతంలో విలీనమైపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆ సంవత్సరమే తొలిసారిగా రంజీ ట్రోఫీలో దిగిన ఆంధ్ర జట్టుకు నాయకత్వం వహించినవారు 58 ఏండ్ల కర్నల్ నాయుడుగారు.