యాప్‌లో ‘అవైలబుల్’.. గన్ పెడితే జీరో! ఈవీ చార్జర్లతో అసలు చిక్కు ఇదే

తిరుపతి నుంచి బెంగళూరుకు ఈవీలో వెళ్తున్నారా? అయితే పలమనేరులో నాకు జరిగింది ఒకసారి చదవండి.

నాది 30 యూనిట్ల బ్యాటరీ కారు. అమ్మానాన్నలకు శ్రీవారి దర్శనం చేయించి తిరిగి వస్తున్నా. పలమనేరు చేరేసరికి 22 శాతమే మిగిలింది. బంగారుపాళ్యం దాటాక మొగిలి ఘాట్ ఎక్కాలి కదా! చిత్తూరు కంటే పలమనేరు సుమారు 350 మీటర్లు ఎత్తులో ఉంటుంది. 1,600 కిలోల కారును అంత పైకి లేపడానికే ఒకటిన్నర యూనిట్ కావాలి. నష్టాలతో కలిపి దాదాపు రెండు. అంటే 12-14 కిలోమీటర్ల రేంజ్ ఆ కొండకే పోయినట్టు.

యాప్‌లో చార్జర్ గ్రీన్‌గా ఉంది. గన్ పెట్టి, క్యూఆర్ స్కాన్ చేశా. వాలెట్‌లో డబ్బులు కట్ అయ్యాయి కానీ చార్జింగ్ మొదలవ్వలేదు. హెల్ప్‌లైన్ వాళ్లు రీస్టార్ట్ చేసినా అంతే. ముళబాగల్ ఇంకా దాదాపు 40 కిలోమీటర్లు. లెక్క ప్రకారం చేరుకోవచ్చు, కానీ వెనక సీట్లో పెద్దవాళ్లను పెట్టుకుని రాత్రిపూట ఆ రిస్క్ ఎవరు చేస్తారు? పక్కనున్న హోటలాయన్ని అడిగా. “పెట్టుకో సామీ, మీటర్ చూసి ఇద్దువులే” అన్నాడు. 16 ఆంప్స్ ప్లగ్‌లో రెండు గంటలకు 6 యూనిట్లు ఎక్కాయి. బతికిపోయాం.

మరి యాప్ ఎందుకు అబద్ధం చెప్పింది? నిజానికి అది అబద్ధం కాదు. చార్జర్ తన స్టేటస్‌ను సిమ్ ద్వారా సర్వర్‌కు పంపుతుంది. గ్రీన్ అంటే ఆ గన్‌కు ఇంకో బండి లేదని, చార్జర్ తనలో లోపమేదీ గుర్తించలేదని మాత్రమే. కేబుల్, లోపలి స్విచ్ పాడైన సంగతి కరెంటు పంపాల్సి వచ్చినప్పుడే బయటపడొచ్చు.

మన దగ్గర లెక్కంతా ఎన్ని పెట్టారన్నదే. 2023లో ఫేమ్-2 కింద మూడు ఆయిల్ కంపెనీలకు 7,432 ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్ల కోసం రూ.800 కోట్లు మంజూరయ్యాయి. 2024లో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లో చార్జింగ్‌కే రూ.2,000 కోట్లు. మంచిదే. కానీ బ్రిటన్‌లో 2024 నవంబర్ నుంచి ర్యాపిడ్ చార్జర్ల నెట్‌వర్క్ ఏడాదికి సగటున 99 శాతం పనిచేయాలని రూల్ ఉంది. తప్పితే జరిమానా. అమెరికాలో ఫెడరల్ నిధులతో పెట్టే చార్జర్లకు ఇది 97 శాతం. పలమనేరు లాంటి ఊళ్లకు పది కొత్త చార్జర్ల కంటే ఈ రూల్ ఒక్కటి ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

అప్పటిదాకా గ్రీన్ రంగును నమ్మకండి. ఆ చార్జర్‌లో చివరిసారి ఎవరు, ఎప్పుడు చార్జ్ చేశారో యూజర్ల కామెంట్లలో చూడండి. ఘాట్ ఎక్కేముందే చిత్తూరులో కాస్త నింపుకోండి. కారుతో వచ్చిన పోర్టబుల్ చార్జర్‌ను మాత్రం ఇంట్లో వదిలేసి రావద్దు.