వానాకాలం తలుపుకు చిత్రిక పట్టించే ముందు

వానలు మొదలై రెండు వారాలు తిరక్కముందే చాలా ఇళ్లలో ఒకటే ఫిర్యాదు: తలుపు పట్టేస్తోంది. వడ్రంగి వచ్చి అంచుకు చిత్రిక పడతాడు, తలుపు సాఫీగా మూతపడుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి అదే తలుపు పక్కన వెలుతురు కనిపించేంత సందు. తప్పు కలపది కాదు, చిత్రిక పట్టిన కాలానిది.

చెట్టు కొట్టిన నాటికి కలపలో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల బోలు భాగంలోని నీరు ముందుగా పోతుంది. దానితో బరువు తగ్గుతుంది గానీ కొలతలు దాదాపు మారవు. కణాల గోడల్లో సెల్యులోజ్‌ను అంటిపెట్టుకున్న నీరు పోవడం మొదలయ్యాకే, అంటే తేమ పొడి చెక్క బరువులో సుమారు 30 శాతం కన్నా దిగాకే, చెక్క కుంచించుకుంటుంది. గాలిలో తేమ పెరిగితే మళ్లీ పీల్చుకుని ఉబ్బుతుంది. వందేళ్ల నాటి ద్వారబంధంలోనూ ఈ రాకపోకలు ఆగవు.

ఈ మార్పు అన్ని దిక్కులా సమానం కాదు. పొడవున దాదాపు ఉండదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి కేంద్రం నుంచి బెరడు వైపు సుమారు 2.5 శాతం, వలయాల వెంబడి 6 శాతం దాకా తగ్గుతుంది. చాలా కలపలతో పోలిస్తే ఇది తక్కువే. టేకుకు ఉన్న పేరుకు, చెదలను తట్టుకునే గుణంతో పాటు ఇదీ ఒక కారణం. అయినా వలయాల వెంబడి కోసిన 40 సెంటీమీటర్ల వెడల్పు పలకలో తేమ 15 నుంచి 10 శాతానికి దిగితే వెడల్పు దాదాపు 4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. పాతకాలపు తలుపుల్లో నడిమి పలకను చట్రం గాడిలో వదులుగా కూర్చేది అందుకే. దాన్ని జిగురుతో బిగిస్తే, కదిలే చోటు లేక పలక చీలుతుంది.

కాబట్టి టింబర్ డిపోలో 'ఏ కలప?' అన్న ప్రశ్న ఒక్కటే చాలదు, 'ఎంత ఎండింది?' అనీ అడగాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని వాతావరణాన్ని బట్టి మండలాలుగా విభజించి, ఏ పనికి వాడే కలపలో ఎంత తేమ ఉండవచ్చో చెబుతుంది. ఇంటి ఫర్నిచర్‌కు ఊరిని బట్టి సుమారు 10 నుంచి 14 శాతం అనుకోవచ్చు. ఎండేకొద్దీ చెక్క విద్యుత్ నిరోధం విపరీతంగా పెరుగుతుంది. పిన్నులు గుచ్చి తేమ కొలిచే చిన్న మీటర్లు పనిచేసేది ఈ సూత్రం మీదే. అయితే పైపొర ఎండి లోపల పచ్చిగా ఉండవచ్చు, అందుకే ముక్క కోయించి కొత్త కోత మీద కొలవాలి. ప్రయోగశాలలోనైతే ముక్కను తూచి, 103 డిగ్రీల వద్ద బరువు ఇక తగ్గనంత వరకు ఎండబెట్టి మళ్లీ తూస్తారు. 115 గ్రాములది 100కు దిగితే తేమ 15 శాతం.

ఇంకో మాట. టేకు మన్నికంతా చేవలోనే. చుట్టూ ఉండే లేత రంగు చెక్కలో పిండి పదార్థం ఉంటుంది, పురుగు ముందు పట్టేది దాన్నే. ధర మాట్లాడేటప్పుడు ఆ తెల్ల అంచు ఎంత ఉందో చూడాలి.

పాలిష్ తేమను ఆపదు, దాని రాకపోకలను నెమ్మదింపజేస్తుంది. ఒక వైపే వేస్తే రెండు ముఖాలూ వేర్వేరు వేగంతో తేమ పీల్చి పలక వంగుతుంది. తలుపు అడుగు అంచును చాలామంది వదిలేస్తారు. ఇల్లు తుడిచిన ప్రతిసారీ నిలువు చెక్కల తెగిన కొనలు నీరు తాగేది అక్కడే.

వానల్లో తలుపు కొద్దిగా పట్టేస్తే, రాపిడి ఉన్న చోట కొవ్వొత్తి మైనం రుద్ది కొన్నాళ్లు ఆగవచ్చు. జనవరి, ఫిబ్రవరిలోనూ బిగుతుగానే ఉంటే అప్పుడు చిత్రిక పట్టించి, తెరుచుకున్న అంచుకు అదే రోజు పాలిష్ వేయించాలి.