రియాక్ట్ చట్రంలో వెబ్ కాంపొనెంట్లు

కంప్యూటర్ శాస్త్రం అభ్యసించే మన విద్యార్థులలో పలువురు నేడు రియాక్ట్ అనే చట్రంతోనే వెబ్ పుటలను నిర్మిస్తున్నారు. దీనిని ఫేస్‌బుక్ సంస్థ 2013లో లోకానికి విడుదల చేసినది. ఇందులో శ్రమించి తయారుచేసిన ఒక పదపట్టికను వ్యూ, ఆంగ్యులర్ వంటి మరొక చట్రంలోనికి మార్చదలచితే సాధారణంగా మొదటినుండి మరల వ్రాయవలసిందే. ఈ పునఃశ్రమను తప్పించుటకు ఏర్పడిన ఉపాయమే వెబ్ కాంపొనెంట్.

హెచ్‌టీఎంఎల్‌లో స్వతస్సిద్ధంగా ఉన్న బటన్, టేబుల్ వంటి ట్యాగులకు తోడుగా మనమే కల్పించుకొనే కొత్త ట్యాగు ఇది. దీనిని గుర్తించేది చట్రం కాదు, బ్రౌజరే. ఇట్టి ట్యాగులను నేటి ప్రమాణరూపంలో క్రోమ్ 2016లోను, సఫారీ 2017లోను, ఫైర్‌ఫాక్స్ 2018లోను స్వీకరించినవి. పేరులో అడ్డగీత తప్పనిసరి; భవిష్యత్తులో వచ్చే అధికారిక ట్యాగులతో పేరు కలియకుండుటకే ఈ నియమం.

ఇంతవరకు చిక్కు లేదు. చిక్కంతా రియాక్ట్ ఆ ట్యాగుకు సమాచారం అందించే చోట ఉన్నది. మన కళాశాలలో ఒక విద్యార్థి ఉర్దూ–తెలుగు పదపట్టికను వెబ్ కాంపొనెంటుగా నిర్మించి, రియాక్ట్ నుండి నూరు పదాల వరుసను దానికి అందించెననుకొందాం. ట్యాగుకు సమాచారం చేరుటకు రెండు ద్వారాలు కలవు. ఒకటి ఆట్రిబ్యూట్, అందులో అక్షరమాలిక తప్ప మరేదీ పట్టదు. రెండవది ప్రాపర్టీ, అందులో వరుసలు, వస్తువులు, ఏవైనా ఇముడుతాయి. రియాక్ట్ 18 వరకు అన్నిటినీ మొదటి ద్వారం గుండానే పంపేది. అప్పుడు నూరు పదాలకు బదులు ‘ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్’ అనే అర్థరహితమైన మాట నూరుమారులు చేరేది. ఉత్తరం పోయి, కవరుపై ‘ఉత్తరం’ అన్న మాట మాత్రమే అందినట్లు! సర్వసాధారణంగా ఎర్రని హెచ్చరిక కూడా కనిపించదు. పాపం, విద్యార్థి తన పదజాలంలోనే దోషం వెదకుతూ రాత్రి గడుపుతాడు. ‘రెఫ్’ ద్వారా ట్యాగును చేపట్టి, ప్రాపర్టీని స్వయంగా నింపుటయే ఆనాటి విరుగుడు.

2024 డిసెంబరులో వెలువడిన రియాక్ట్ 19 ఈ లోపాన్ని సవరించినది. ట్యాగులో ఆ పేరుగల ప్రాపర్టీ ఉన్నదా అని ముందు విచారించి, ఉన్నచో దానినే నింపుతుంది. లేనిచో ఆట్రిబ్యూటుగా వ్రాస్తుంది. ఇక భయం లేదని కొందరు భావిస్తారు గాని, అది తొందరపాటు. కాంపొనెంటు నిర్వచనమున్న ఫైలు ఆలస్యంగా దిగినచో, రియాక్ట్ విచారించే క్షణానికి ఆ ప్రాపర్టీ ఇంకా పుట్టి ఉండదు. అప్పుడు పాత వ్యాధే తిరుగబెడుతుంది. కనుక నిర్వచనాన్ని ముందుగా దింపుకొనుట ముఖ్యం. వ్యూ కూడా దాదాపు ఇట్లే విచారిస్తుంది. ఆంగ్యులర్‌లో మాత్రం చతురస్ర కుండలీకరణాలతో ప్రాపర్టీ అని వ్రాసేవారే తెలుపుతారు.

వాపసు వార్తలు ఘటనల రూపంలో వస్తాయి. పాఠకుడు ఒక పదాన్ని ఎన్నుకొన్నాడని కాంపొనెంటు చాటవలెను. రియాక్ట్ 19 దానిని నేరుగా వినగలదు, పూర్వపు రూపాలలో ‘యాడ్ ఈవెంట్ లిజనర్’ పిలువవలసి ఉండేది. అయితే షాడో డామ్ అనే లోపలి ఆవరణంలో పుట్టిన సొంత ఘటన గోడ దాటి వెలుపలికి రావాలంటే ‘బబుల్స్’, ‘కంపోజ్డ్’ అనే రెండు అనుమతులు ఉండవలెను.

ఒకే రియాక్ట్ పుటకు పరిమితమయ్యే చిన్న వస్తువుకు ఇంత ప్రయాస అనవసరమని నా అభిప్రాయం. పలు విభాగాలు పలు చట్రాలలో వాడుకొనే వస్తువుకే ఇది తగును.

మన ద్విభాషా పుటలకు ప్రత్యేకించి వర్తించే విషయం ఒకటి కలదు. షాడో డామ్ గోడ వెలుపలి తరగతి నియమాలను లోనికి రానీయదు. కుడినుండి ఎడమకు సాగే దిశ, అక్షరాల రంగు, ఫాంటు పేరు మాత్రం వారసత్వంగా లోనికి చేరుతాయి. సీఎస్ఎస్ వేరియబుల్స్ కూడా చేరుతాయి. నోటో నస్తాలీఖ్ ఉర్దూ వంటి ఫాంటు ప్రకటనను మాత్రం గోడలోపల గాక ప్రధాన పుటలోనే వ్రాయవలెను. నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా క్రిందికి జారుతుంది గనుక, వరుసల ఎడాన్ని కాంపొనెంటులో బిగించివేయక వేరియబుల్‌గా విడిచిపెట్టినచో, ఉర్దూ అక్షరాల తోకలు తెగవు, తెలుగు వత్తులూ క్రింది వరుసతో ఒరసి నలగవు.