వీణ కంపించాలి, టర్న్‌టేబుల్ కంపించకూడదు

ఇండియా నుంచి సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చుకున్న ఎల్.పి. రికార్డులు మనలో కొందరి ఇళ్ళల్లో ఉన్నాయి. ఘంటసాల గారివో, బాలమురళీకృష్ణ గారివో. తీరా ప్లేయర్ కొని పెడితే పాట ముద్దముద్దగా వినిపిస్తుంది, వెనక "గుయ్" మని మోత. రికార్డు పాడైపోయిందనుకుని గరాజ్‌లో పడేస్తాం. కానీ ఒక్కోసారి తప్పు రికార్డుది కాదు, ప్లేయర్ పెట్టిన బల్లది!

పిల్లలూ, బొబ్బిలి వీణ చూశారా? ఉత్త తీగ మీటితే సన్నగా వినిపిస్తుంది. పనస కర్రతో తొలిచిన కుండ కూడా తీగతో పాటు కంపిస్తేనే నిండైన నాదం వస్తుంది. ప్లేయర్ పని వేరు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, సొంతంగా ఏమీ కలపకూడదు.

రికార్డు మీది గాడి ఇంచుమించు వెంట్రుక మందం ఉంటుంది. అందులో సూది చేసే అతి చిన్న కదలికే కొన్ని మిల్లీవోల్టుల కరెంటుగా మారుతుంది. దాన్ని యాంప్లిఫయర్ ఎన్నో రెట్లు పెంచుతుంది. సూదిని కదిపింది పాటా, బల్లా అన్నది సూదికి తెలియదు. ఇక్కడి ఇళ్ళల్లో చాలావాటికి చెక్క ఫ్లోర్లు. స్పీకర్ దడదడ ఫ్లోర్ ద్వారా సూదికి చేరి, మళ్ళీ స్పీకర్లోంచి ఇంకా పెద్దగా వస్తుంది. ఉగాది ఫంక్షన్‌లో మైకు స్పీకర్ ముందుకి వెళితే "కుయ్" మంటుందే, అదే సంగతి.

ఇంట్లో పరీక్ష: అమ్మనో నాన్ననో అడిగి, ఆగి ఉన్న రికార్డు మీద సూది పెట్టించండి. వాల్యూమ్ తక్కువగా ఉంచి, బల్లని వేలితో మెల్లగా తట్టండి. స్పీకర్లో "ధబ్" మని వినిపిస్తే మీ బల్ల కూడా పాడుతోందన్నమాట!

ఏం చేయాలి?

1. స్పీకర్లు, టర్న్‌టేబుల్ ఒకే బల్ల మీద పెట్టకండి. దీనికి పైసా ఖర్చు లేదు.

2. మెత్తటి రబ్బరు ముక్కల మీద బరువైన రాతి పలక, దానిమీద ప్లేయర్ పెట్టండి. ఇలా పెట్టినదానికి సహజంగా ఒక ఊపు ఉంటుంది. అది సెకనుకి 10 సార్లు అనుకుందాం. సుమారు 14 దాటిన కంపనాలనే అది తగ్గిస్తుంది, 10 దగ్గరివాటిని పెంచుతుంది కూడా. అందుకే పలక బరువుగా, రబ్బరు మెత్తగా ఉండాలి.

3. పిల్లలు పరిగెడితే వచ్చే ఊపు ఇంకా నెమ్మదైనది, రబ్బరుకి లొంగదు. దానికి మందు, గోడ లోపలి స్టడ్‌లకు గట్టిగా బిగించిన షెల్ఫ్.

4. చివరగా స్పిరిట్ లెవెల్‌తో మట్టం చూడండి.

1961లో ఎడ్గార్ విల్చర్ రూపొందించిన ఏ.ఆర్. టర్న్‌టేబుల్‌లో పళ్ళెం, సూది చెయ్యి రెండింటినీ ఒకే చట్రానికి బిగించి, ఆ చట్రాన్ని స్ప్రింగుల మీద నిలిపారు. కదిలితే రెండూ కలిసే కదులుతాయి కనుక సూదికీ గాడికీ మధ్య తేడా రాదు. ఎంత తేలికైన ఉపాయం!

యాంప్లిఫయర్ కిందా, కేబుళ్ళ కిందా పెట్టమని ఖరీదైన దిమ్మలు అమ్ముతారు. గాడిని తడిమే సూది అక్కడ లేదు కాబట్టి వాటికి డబ్బు తగలెయ్యక్కర్లేదు. ఆ డబ్బుతో పిల్లలకి నాలుగు తెలుగు పుస్తకాలు కొనండి.

ఈసారి రికార్డు పారేసే ముందు బల్ల మార్చి చూడండి. తాతగారు విన్న గొంతు మనవలు కూడా వినాలి కదా!