మూత విప్పని చమురు డబ్బా

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన సామెత. ఇరుసునకు కందెన లేకున్నను ఎద్దుబండి కీచుమనుచునే యెట్లో యిల్లు చేరును. ఇంజను అట్లు చేరదు. చమురు చాలనిచో స్వల్పకాలములోనే పిస్టను బిగిసి నిలిచిపోవును. పైరు ఎండుచున్న వేళ పంపుసెట్టు ఆగినచో రైతునకు కలుగు నష్టమును వేరుగా చెప్పనక్కరలేదు.

కావున అటకమీదనో, పంపుసెట్టు గదిలోనో మూత విప్పని పాత ఇంజన్ ఆయిలు డబ్బా దొరికినప్పుడు కలుగు సందేహము చిన్నది కాదు. పారవేయుటకు మనసొప్పదు, పోయుటకు ధైర్యము చాలదు. ఈ సందేహమున రెండు ప్రశ్నలు కలిసియున్నవి. చమురు చెడినదా యనునది మొదటిది. చెడకున్నను ఈ యంత్రమునకు తగునా యనునది రెండవది.

వట్టి ఖనిజ తైలము త్వరగా చెడునది కాదు. కాని నేటి ఇంజన్ ఆయిలులో మసిని కడుగునవి, అరుగుదలను తగ్గించునవి, తుప్పును ఆపునవి యగు రసాయనములు పెక్కు చేర్చబడియుండును. చిరకాలము కదలక యున్నచో వీనిలో కొన్ని అడుగునకు దిగవచ్చును. తేమ మరియొక శత్రువు. పగటి వేడికి డబ్బాలోని గాలి వ్యాకోచించి సందులగుండ వెలికి పోవును. రాత్రి చల్లదనమునకు సంకోచించి బయటి గాలిని లోనికి లాగును. మూతపై వాననీరు నిలిచియున్న ఆ నీరును లోనికి జారును. ఆరుబయట నుంచు పీపాలను పక్కకు పరుండబెట్టుట యిందులకే. పొడిచోట నుంచిన సీలు డబ్బాకు సుమారు 5 సంవత్సరములు గడువని తయారీదారులు సాధారణముగా చెప్పుదురు.

గడువు దాటినదానిని పరీక్షింపక వాడరాదు. గాజు సీసాలో కొంత పోసి ఒక రాత్రి కదపక యుంచవలెను. పాలవలె తెల్లబారినచో నీరు చేరినదనియు, అడుగున జిగురువంటి మడ్డి కనబడినచో రసాయనములు విడిపోయినవనియు గ్రహింపవలెను. ఈ రెండింటిలో నేది కనబడినను అది ఇంజనునకు పనికిరాదు.

ఇక రెండవ ప్రశ్న. దీనికి సమాధానము డబ్బా మీదనే వ్రాసియుండును. అమెరికను పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఏర్పరచిన తరగతులలో ‘ఎస్’తో మొదలగునవి పెట్రోలు ఇంజనులకు, ‘సి’తో మొదలగునవి డీజిలు ఇంజనులకు ఉద్దేశింపబడినవి. పెట్రోలు తరగతులలో రెండవ అక్షరము ముందుకు సాగినకొలది చమురు కొత్త తరమునకు చెందినది. ఎస్‌ఏ తరగతి చమురులో రసాయనములే లేవు. 1930 తరువాతి మోటారు ఇంజనులలో పెక్కింటికి అది తగదు. ఎస్‌ఎఫ్ 1988 నాటి వరకు వచ్చిన కార్లకు చాలినది. ఎస్‌పి 2020లో వచ్చినది. చిన్న పెట్రోలు ఇంజనులకు ‘ఎస్‌ఎఫ్ లేక తరువాతి తరగతి’ చాలునని చెప్పు తయారీదారులు కలరు. తరగతియు, ఎస్‌ఏఈ 30 వంటి చిక్కదనపు అంకెయు ఇంజను పుస్తకముతో సరిపోయి, పరీక్షకు నిలిచినచో పాత చమురును వాడవచ్చును. సరిపోనిచో సీలు ఎంత భద్రముగ నున్నను ప్రయోజనము లేదు. గడ్డి కోయు యంత్రములలో, మందు కొట్టు యంత్రములలో టూస్ట్రోకు జాతివి కలవు. వానికి పెట్రోలులో కలుపు 2టి ఆయిలే కావలెను.

సందేహము తీరనిచో కొత్త చమురు కొనుటయే మేలు. ఒక లీటరు చమురు వెల యెంత, ఇంజనును బోరు చేయించి పిస్టను మార్పించు ఖర్చెంత! పనికిరాని చమురును తలుపు బందులకు, పార పలుగులకు పూయవచ్చును. మిగిలినదానిని కాలువలో పోయక, మెకానికు షెడ్డులో వాడిన చమురు పోగుచేయు పీపాలో చేర్చవలెను.

కొన్ని డబ్బాలు పోయుటకు గాక చదువుటకు దగినవి. బర్మాషెల్, ఎస్సో, కాల్టెక్సు అను పేర్లు ఒకప్పుడు మన రహదారుల వెంట వెలసినవి. ఎస్సో వ్యాపారము 1974లోను, బర్మాషెల్ 1976లోను ప్రభుత్వ పరమైనవి. విశాఖపట్టణమున 1957లో వెలసిన కాల్టెక్సు శుద్ధి కర్మాగారము 1978లో హిందుస్థాన్ పెట్రోలియములో కలిసినది. మన దేశమున అమ్మిన డబ్బాపై గ్యాలను కొలత యున్నచో అది మెట్రిక్ కొలతలు స్థిరపడక మునుపటిదని ఊహింపవచ్చును. క్యాస్ట్రాల్ అను పేరునకు మూలము ఆముదమునకు గల ఆంగ్ల నామమే. మొదటి ప్రపంచ యుద్ధమునాటి విమానపు ఇంజనులు కొన్ని ఆముదముతోనే తిరిగినవి. పాలమూరు, నల్లగొండ మెట్టలలో ఆముదము పండించు రైతు బిడ్డకు ఈ ముచ్చట చెప్పదగినది.

ఇట్టి డబ్బాలను దాచువారు పొయ్యికి దూరముగ, పళ్లెములో నిలిపి యుంచవలెను. పాత యతుకులు కారుట కలదు. ఉపాధ్యాయులు ఒకనాడు అట్టి డబ్బాను తరగతికి కొనిపోయి, దానిపై నున్న పేరును, కొలతను, తరగతి అక్షరములను పిల్లలచేత చదివింపవచ్చును. సీలు చమురును కొంతకాలము కాపాడగలదు. దానిని ఏ యంత్రమున పోయవలెనో, ఏ యంత్రమున పోయరాదో తెలుపునవి మాత్రము ఆ అక్షరములే.