నెల గడుస్తుంది, మరి ఏడాది?

హైదరాబాద్‌లో మూడు లక్షల ప్యాకేజీతో ఉద్యోగం వచ్చిందనగానే ఊళ్లో వాళ్లంతా దాన్ని పన్నెండుతో భాగించి ఆ అబ్బాయిని పాతిక వేల జీతగాడిని చేసేస్తారు. బ్యాంకులో పడేది అంత ఉండదు. సీటీసీ అని చెప్పే ఆ మూడు లక్షల్లో కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ కూడా సాధారణంగా కలిసే ఉంటుంది. మామూలుగా అయిదేళ్లు పనిచేస్తే తప్ప చేతికి రాని గ్రాట్యుటీని కూడా చాలా కంపెనీలు అందులోనే చూపిస్తాయి. బేసిక్ 15,000 అనుకుంటే కంపెనీ వంతు పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ సుమారు 720, ఉద్యోగి వంతు పీఎఫ్ మరో 1,800, వృత్తి పన్ను 200. ఇవి పోను ఖాతాలో పడేది దాదాపు 20,480. పెళ్లీ పిల్లలూ లేని ఒంటరి మనిషికి ఈ డబ్బు చాలదా అంటే, నెల గడవడానికి చాలుతుంది. ఏడాది గడవడానికి మాత్రం చాలదని నా లెక్క.

ముందు నెల సంగతి చూద్దాం. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ వైపు హాస్టల్లో త్రీ షేరింగ్ మంచానికి, పొద్దున టిఫినూ రాత్రి భోజనమూ కలిపి 7,500 అనుకుందాం. 2025 జూన్‌లో రేట్లు పెంచాక మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సు పాసు 1,600. ఫోన్ రీచార్జి 300. ఆఫీసు దగ్గర మధ్యాహ్న భోజనం ప్లేటు 80 చొప్పున 22 రోజులకు 1,760. టీలు, చిరుతిళ్లు 900. సబ్బులు, క్షవరం, బట్టల ఉతుకు, తలనొప్పి మాత్రలు కలిపి 1,200. మొత్తం 13,260. అంటే ఏడు వేలకు పైగా మిగులు. ఇక్కడితో కాగితం మడిచేస్తే జీతం బంగారంలా ఉన్నట్టే. కానీ మన దగ్గర ఒంటరి ఉద్యోగి అంటే పక్కన ఎవరూ లేనివాడే తప్ప వెనక ఎవరూ లేనివాడు కాదు. ఇంటికి అయిదు వేలు పంపితే చేతిలో ఉండేది 2,220. దీన్ని ఉదారత అనడం కూడా సరికాదు. చాలా ఇళ్లలో అది చదువుకు చేసిన అప్పుకు వాయిదా.

ఏడాది లెక్క ఇంకోలా నడుస్తుంది. ఫోన్ రీచార్జినే చూడండి. 28 రోజుల ప్యాక్ కాబట్టి ఏడాదికి 12 కాదు, 13 సార్లు వేయించాలి. నెల లెక్కలో కనపడని ఖర్చులు ఇలాగే పోగవుతాయి. సంక్రాంతికీ దసరాకూ కలిపి నాలుగుసార్లు ఊరికి వెళ్లి రావడానికి 6,000, బట్టలకూ చెప్పులకూ 8,000, మూడేళ్లకొకసారి మార్చే ఫోన్‌కు ఏడాది వాటా 5,000 అనుకుంటే 19,000 అయ్యాయి. పండగ ముందు ప్రైవేటు బస్సులు రేట్లు ఎంత పెంచుతాయో తెలిసినవాళ్లు ఆ 6,000 చూసి నవ్వుతారు, నవ్వనీయండి. నెలకు 2,220 చొప్పున ఏడాదికి మిగిలే 26,640లోంచి ఇవీ, ఆ పదమూడో రీచార్జీ పోతే దాదాపు 7,300. ఉద్యోగం ఊడితే మూడు నెలలు తట్టుకోవాలంటే ఇంటికి పంపడం ఆపేసినా 40,000 దగ్గరుండాలి. ఈ మిగులుతో అది కూడబెట్టడానికి అయిదేళ్లు దాటుతుంది, ఈలోగా డెంగీ రాకపోతే.

జ్వరం మాట ఊరికే అనలేదు. 2017 జనవరి నుంచి ఈఎస్ఐ పరిమితి 21,000. అంతవరకు జీతం ఉన్నవాడు 0.75 శాతం కడితే, యజమాని 3.25 శాతం కడితే ఆసుపత్రి ఖర్చుకు ఒక ఆసరా ఉంటుంది. మన ఉద్యోగి గ్రాస్ జీతం 22,480 కాబట్టి అతను గీత దాటిపోయాడు. కంపెనీ గ్రూపు బీమా ఉంటే సరే, లేకపోతే వెయ్యిన్నర ఎక్కువ సంపాదించినందుకు వైద్యం ఖర్చు మొత్తం తన నెత్తినే పడుతుంది.

కుర్రాళ్ల దుబారా వల్లే ఏమీ మిగలడం లేదనే మాట ఎప్పుడూ వినపడుతుంది. పై లెక్కలో సినిమా లేదు, బిర్యానీ ఆర్డరు లేదు, స్నేహితుడి పెళ్లి కానుక లేదు. తగ్గించడానికి అందులో టీ తప్ప ఏముంది? రెండో అభ్యంతరం దీనికన్నా బలమైనది. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో తలసరి నెల ఖర్చు 8,978, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 7,182. మరి 13 వేలు ఖర్చు పెట్టేవాడు సగటు మనిషికన్నా మెరుగే కదా? కాదు. ఆ తలల్లో పాలు తాగే పసివాళ్లూ, సొంతింట్లో ఉంటూ అద్దె మాటే ఎరగని పెద్దలూ ఉన్నారు. దేశంలో పట్టణ కుటుంబాల ఖర్చులో సగటున అద్దె వాటా ఏడు శాతం లోపే తేలింది అందుకే. మన హాస్టల్ అబ్బాయి ఖర్చులో సగానికి పైగా ఆ మంచానికీ రెండు పూటల తిండికే పోతోంది. నలుగురున్న ఇంట్లో ఒక్క గ్యాసు బండ, ఒక్క ఫ్రిజ్, ఒక్క కరెంటు బిల్లు నలుగురికీ సరిపోతాయి. ఒక్కడున్నా అవన్నీ ఉండాల్సిందే.

ప్రభుత్వ సాయం ఉందిగా అంటారు. ఉంది, కానీ ఈ మనిషి దాకా సగమే చేరుతుంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్లకు మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సులో టికెట్ డబ్బు లేదు, కాబట్టి ఉద్యోగం చేసే అమ్మాయికి ఆ 1,600 నిజంగానే మిగులుతుంది. అదే శ్రీకాకుళం నుంచి వచ్చి ఆధార్‌లో పాత చిరునామాతోనే ఉన్న అమ్మాయి మాత్రం టికెట్ కొనాలి. రేషన్ బియ్యం మరో తమాషా. పేరు ఊళ్లో అమ్మానాన్నల కార్డులో ఉంటుంది. కార్డును ఎక్కడైనా వాడుకోవచ్చని చెప్పినా, వంటిల్లు లేని హాస్టల్లో ఆ బియ్యం తెచ్చుకుని ఏం చేసుకుంటాడు?

అసలు చిక్కు మనం అడిగే ప్రశ్నలోనే ఉంది. 1957లో 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనానికి కొలత పెట్టినప్పుడు ఒంటరి మనిషిని లెక్కలోకే తీసుకోలేదు. భార్య, ఇద్దరు పిల్లలతో కలిపి ఒక కార్మికుడి మీద మూడు వినియోగ యూనిట్లు ఉంటాయంది. పెద్దవాళ్లకు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు అన్నీ చేర్చింది. పిల్లల చదువు, వైద్యం, పెళ్లిళ్లు, ముసలితనం వంటి అవసరాల వాటా మొత్తం కనీస వేతనంలో 25 శాతం ఉండాలని తర్వాత రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి కొలత కనీస వేతనానికే అంత చూసింది. మూడు లక్షల ప్యాకేజీ ఒక్క యూనిట్ దగ్గరే చతికిలపడుతోంది, అది కూడా ముగ్గురు పంచుకునే గదిలో. పెళ్లయ్యాక ఇద్దరూ సంపాదిస్తారులే అనేవాళ్లున్నారు. నిజమే, కానీ ఆ ఇల్లు మొదలవ్వాలంటే అడ్వాన్సు కట్టాలి, గ్యాసు కనెక్షన్, మంచం, బీరువా కొనాలి. సంబంధం చూడ్డానికి వచ్చిన పెద్దలు ఖర్చులు పోను ఏడాదికి ఎంత వెనకేస్తున్నావయ్యా అని అడిగితే, ఈ లెక్క ప్రకారం అతను చెప్పగలిగేది ఏడు వేల మూడు వందలు.